ఇరవై నాలుగో పలక

వెనక గది, కిటికీ పక్క బల్ల
అమావాస్య వెళ్ళిన ఆరో రోజు

బావకి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కలం మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. నీ దగ్గర్నుంచి వచ్చిన కిందటి మూడు ఉత్తరాలూ కలిపినా నా ఉత్తరంలో ఒక్క పేరా కావు. అంత పొదుపరికి నాలుగు పేజీలు పోస్టు చెయ్యడం దేనికని అలిగాను. అలిగితే బతిమాలేవాళ్ళుండాలి కదా. ఇంట్లో నేనొక్కణ్ణే. కాసేపు నన్ను నేనే బతిమాలుకుని కూర్చున్నాను.

ముందు నా సంగతి. పని మానేసి ఏడాదిన్నరయినా పళ్ళు నన్ను మానలేదు. నలభై ఏళ్ళు పళ్ళ డాక్టరు వెనక గదిలో కూర్చుని ఊరి దవడలన్నీ ప్లాస్టర్‌లో పోసినవాణ్ణి, వీధిలో నడిస్తే ముఖాలు గుర్తుపట్టను గానీ నవ్వితే గుర్తుపడతాను. నిన్న రొట్టెల దుకాణం ముందు ఒకాయన నన్ను ఆపి, పైవరస కట్టుడు పళ్ళు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "ఎడమ పక్క గుచ్చుతోంది, చూడండి" అన్నాడనుకుంటాను. పళ్ళు నా చేతిలో ఉన్నాయి గనక ఆయన అన్నది నేను ఊహించుకున్నదే. "మానేశానండీ" అన్నాను. ఆయన ఇంకేదో అన్నాడు. మాట తెలియలేదు గానీ తిట్టని తెలిసింది. గోడకి ఆనుకుని బొటనవేలితో తడిమాను. ఆవగింజంత బొడిపె. జేబులో చిన్న ఆకురాయి ఉండనే ఉంది. గీకి ఇచ్చాను. ఆయన పళ్ళు పెట్టుకుని, దుకాణంలోకి వెళ్ళి, గట్టి రొట్టె కొరికి చూసుకుని, నాకేసి తల ఊపి వెళ్ళిపోయాడు.

సరే, మన పటం. చంద్రుణ్ణి ఇరవై నాలుగు చదరాలు చేసి చెరి పన్నెండూ పంచుకున్నాం. నావి పన్నెండూ గీశాను. నీవి పదకొండు వచ్చాయి. ఒక్కో బొమ్మనీ మైనంలో చెక్కి, దానిమీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో రెండేసి పలకలు పోస్తున్నాను. ఒకటి నాకు, ఒకటి నీకు. అన్నీ అయ్యాక నీ వంతు పంపుతానని మాట. ఇప్పటికి నా గోడకి ఇరవైమూడు పలకలు వేలాడుతున్నాయి. పిట్టగోడ చదరం దగ్గర మాత్రం ఖాళీ. వచ్చినవాళ్ళంతా అక్కడ పన్ను ఊడిందా అని అడుగుతున్నారు.

పిట్టగోడ అంటే గుర్తొచ్చింది. ఎంత మంచి పేర్లు పెట్టుకున్నాం బావా. అసలైన పటం మన చేతికి రాకముందు దుర్భిణిలో ఆ తిన్నటి నల్లగీత కనబడితే నువ్వు మీ మేడ మీది పిట్టగోడని చూసి ఆ పేరే పెట్టేశావు. నేలంతా నల్లగా చదునుగా ఉన్న గుంట పెనం. ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నవి అక్క మూడు గాజులు. తర్వాత పుస్తకంలో చూస్తే అన్నిటికీ ఎవరెవరో పండితుల పేర్లున్నాయి. ఆ పండితులు మనకి తెలియదు. గాజులు తెలుసు.

ఇప్పుడు అసలు మాట. నీ ఉత్తరాలు అక్క దస్తూరీలో వస్తున్నాయి. మణికట్టు బెణికిందన్నావు, నమ్మాను. కానీ కిందటి ఉత్తరం పౌర్ణమి నాడు రాశావు. అందులో "ఈ సాయంత్రం మూడు గాజుల్లో నీడ సిరా పోసినట్టుంది" అన్నావు. పౌర్ణమి నాడు మనవైపు ముఖం మీద సూర్యుడు ఎదురుగా పడతాడు. గుంటల్లో నీడనేదే కనబడదు, ముఖమంతా సున్నం కొట్టిన గోడ. నాకీ మాట చెప్పినవాడివి నువ్వే. మరి ఆ సిరా ఎవరు పోశారు?

పిట్టగోడ బొమ్మ ఎప్పుడు పంపుతావు?

నీ బావమరిది

*

ముందు గది
అమావాస్య వెళ్ళిన పదమూడో రోజు

బావమరిదికి,

ఉత్తరం అందింది. రొట్టెల దుకాణం కథ మీ అక్క రెండుసార్లు చదివింది. ఒకసారి చాలు.

పౌర్ణమి విషయం తేదీ పొరపాటు. అంతకు మించి ఏమీ లేదు.

పిట్టగోడ చదరం నువ్వే గీసుకో. మణికట్టు ఇంకా తగ్గలేదు. మోకాళ్ళ వల్ల మేడ ఎక్కడం మానేశాను. దుర్భిణి విప్పేశాను. అద్దాన్ని గుడ్డలో చుట్టి బీరువా కింద పెట్టాను. ఏ బడివాళ్ళయినా అడిగితే ఇచ్చేస్తాను.

ఇంకొక మాట. ఉత్తరాలు ఇక్కడితో ఆపుదాం. ముప్ఫై ఏళ్ళు రాసుకున్నాం, తక్కువేమీ కాదు. నీకూ వేరే పనులుంటాయి.

నీ బావ

(తమ్ముడూ, ఇదంతా ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. మణికట్టు అంటే మణికట్టు అని రాశాను, మోకాళ్ళు అంటే మోకాళ్ళు అని రాశాను. ఆ రెండూ నిక్షేపంలా ఉన్నాయి. — అక్క)

*

వెనక గది, కిటికీ పక్క బల్ల
పౌర్ణమి వెళ్ళిన అయిదో రోజు

బావకి,

అక్కా, ఇది మెల్లగా చదువు. గొంతు తగ్గించకు.

నాకు వేరే పనులేమున్నాయో ఆలోచించాను. సోమవారం ఒక చొక్కాకి బొత్తాం కుట్టాను. మంగళవారం అది ఊడింది. అంతే బావా నా తీరికలేనితనం. కాబట్టి ఉత్తరాలు ఆపడం కుదరదు.

మణికట్టు బాగుందట. మోకాళ్ళు బాగున్నాయట. అయినా బొమ్మలు గీయడం లేదు, సొంతంగా రాయడం లేదు, మేడ ఎక్కడం లేదు, లేని నీడ కనిపించింది. నేను డాక్టరుని కాదు, డాక్టరు వెనక గదిలోవాణ్ణి. అయినా రోగి ఎక్కడ నొప్పి అని చెప్పకపోతే ఎక్కడెక్కడ నొప్పి లేదో తడుముకుంటూ పోతాం. చివరికి ఒక పన్ను మిగులుతుంది. నీకు మిగిలింది కళ్ళు. అవునా, కాదా?

కాదంటే నన్ను తిట్టు. అవునంటే కింద రాసింది విను.

ముప్ఫై ఏళ్ళ కిందట నువ్వు పంటినొప్పితో మా ఇంటికొచ్చి వారం ఉన్నావు. చెంప వాచి ఒక పక్కనుంచి చూస్తే ఇద్దరు మనుషుల్లా ఉండేవాడివి. ఆ వారమంతా నా బల్ల పక్కన కూర్చుని నేను దవడలు పోయడం చూశావు. వెళ్ళేటప్పుడు "చెయ్యి మంచిదోయ్, నోళ్ళలోకి తప్ప ఎక్కడికీ చూడవు. ఒక అద్దం అరగదీసి పంపుతాను, పైకి చూడు" అన్నావు. కళ్ళద్దాల దుకాణంలో పగలంతా జనానికి అద్దాలు సానపట్టి, సాయంత్రాలు నా అద్దం సానపట్టావు. ఎనిమిది నెలలు. పంపేముందు షరతు పెట్టావు: వారానికొక ఉత్తరం, చూసింది చూసినట్టు. నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణని, సంతకం తప్ప ఏదీ రాయనని నీకు తెలుసు. తెలిసే పెట్టావు.

నా మొదటి ఉత్తరంలో ఏడు వాక్యాలు. ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపావు. నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని పొయ్యిలో పెట్టబోతూ అడుగున రాసింది చూశాను: "గుంట అంచు గురించి రాసిన మూడో వాక్యం నేను రాయలేను."

ఇప్పుడు నాలుగు పేజీలు ఆపకుండా వాగుతున్నానంటే తప్పు నీదే. మా ఇంట్లో నేను చదివిన పుస్తకాలు, దాచుకున్న పటాలు, ఈ పిచ్చి, ఈ మేలు, అన్నీ ఆ ఒక్క ముక్క మీద పుట్టాయి. నేను ఈ మాట ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. నువ్వెప్పుడూ ఖాళీగా ఉండలేదు.

అన్నీ అయ్యాకే పంపుతానన్న మాట తప్పుతున్నాను. ఈ ఉత్తరంతో బాటు ఒక పార్శిల్ వస్తుంది. అందులో మూడు గాజుల పలక ఉంది. జవాబు రాయకపోతే మానెయ్. దానిమీద ఒక్కసారి చెయ్యి పెట్టు. నలభై ఏళ్ళ పనిలో నేను కంటిని నమ్మిన రోజు తక్కువ. పంటి మీద ఎత్తెక్కడుందో చెప్పేది బొటనవేలే.

నీ బావమరిది

*

ముందు గది, వాలుకుర్చీ
అమావాస్య వెళ్ళిన నాలుగో రోజు

ఏమోయ్ పళ్ళాయనా,

పార్శిల్ వచ్చింది. మీ అక్క విప్పి నా ఒళ్ళో పెట్టింది. మూడు రోజులు ముట్టుకోలేదు. నీ ఉత్తరం ఆవిడ రోజూ చదివేది. నాలుగో రోజు నీ నోరు మూయించడానికి ముట్టుకున్నాను.

నువ్వు పంపింది మూడు గాజులు కావు. మూడు బోర్లించిన గిన్నెలు. గుంటల్లేవు, అన్నీ బొడిపెలు. పెద్ద గుంట నడుమ కొండ ఉండాలి కదా, అక్కడ వేలు దిగే కన్నం ఉంది. పైగా కుడివైపు ఉండాల్సింది ఎడమకి పోయింది. ముందు నా వేళ్ళు కూడా చెడిపోయాయనుకున్నాను. మీ అక్కని పిలిచాను.

"ఇటు చూడు. ఇవి గుంటలా, బొడిపెలా?"

"గుంటలే. చక్కగా కనబడుతున్నాయి."

"వేలు పెట్టి చెప్పు."

పెట్టింది. మూడింటి మీదా తిప్పింది.

"బొడిపెలే. కానీ చూస్తే గుంటల్లాగే ఉన్నాయండీ."

"అయితే కళ్ళున్నదానివి నువ్వు చెప్పింది తప్పు, లేనివాణ్ణి నేను చెప్పింది ఒప్పు."

"ఈ ఇంట్లో ఎప్పుడూ అంతేగా" అంది.

నవ్వాను. ఎన్నాళ్ళకి నవ్వానో మీ అక్క రాస్తుంది.

(అయిదు నెలలకి. నేను వంటగదిలోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉన్నాను. — అక్క)

వంటగది సంగతి నేను చెప్పలేదు. రాస్తున్నట్టుంది.

సరే. కళ్ళే. కిందటేడు చూపు నడుమ పొగలాంటిది మొదలైంది. కళ్ళద్దాలు తుడిచాను. ఊళ్ళో సగం మంది అద్దాలు తుడిచిన గుడ్డే అది. పొగ పోలేదు. ఇప్పుడు నడిమధ్యన అరచెయ్యంత చోటు లేదు. అంచులున్నాయి, అవి ఉంటాయట. చంద్రుణ్ణి సూటిగా చూస్తే చంద్రుడు లేడు. పక్కింటి నీళ్ళ ట్యాంకు వైపు చూస్తే మూలన తెల్లటి మరక. అది చంద్రుడని నాకు ముందే తెలుసు గనక చంద్రుడు. గుంటలూ లేవు, గాజులూ లేవు. మందు లేదన్నారు. ఇద్దరు డాక్టర్లు అదే మాట, ఒకే గొంతుతో.

పాత నోటుపుస్తకాలు మీ అక్కచేత చదివించుకుని, ఈ వేళే చూసినట్టు నీకు రాయించేవాణ్ణి. పౌర్ణమి దగ్గర దొరికిపోయాను. ఎందుకు దాచానంటావా? నువ్వు ముప్ఫై ఏళ్ళూ నాకు ఎగతాళిగా రాశావు. తెలిస్తే జాలిగా రాస్తావు. అది చదివించుకుని వినడం నా వల్ల కాదనుకున్నాను.

ఉత్తరాలు ఆపాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పటం మాత్రం నువ్వే పూర్తి చెయ్యాలి. చూడలేనివాడు గీయలేడు. అందులో వాదన లేదు.

ఈ బొడిపెలు ఎలా వచ్చాయో రాయి.

బావ

*

వెనక గది, కిటికీ పక్క బల్ల
అమావాస్య వెళ్ళిన తొమ్మిదో రోజు

బావకి,

జాలిగా రాయమని కాళ్ళావేళ్ళా పడినా నాకు చేతకాదు. నాలుగుసార్లు ప్రయత్నించాను. నాలుగూ దంతమంజనం ప్రకటనల్లా వచ్చాయి. చించేశాను.

బొడిపెల సంగతి విన్నాక ఒక పూట అన్నం సహించలేదు. నువ్వు పట్టుకున్నది పలక కాదు, అచ్చు. పలక పోసే గుల్లని పార్శిల్ చేసి, పలకని ఇక్కడ అరలో పెట్టుకున్నాను. అచ్చులో అన్నీ తిరగబడే ఉంటాయి, గుంట బొడిపె, కుడి ఎడమ. పళ్ళ పనిలో చేరిన మొదటి వారం మా డాక్టరు నేర్పిన పాఠం ఇది: రోగికి వెళ్ళేది పోత, చెత్తబుట్టకి వెళ్ళేది అచ్చు. నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఒక్కసారి తప్పాను అనుకో, అది ఒక పెద్దమనిషి కింది దవడ, ఆ కథ ఇంకోసారి.

కట్టేముందు చూసుకోలేదా అని నువ్వడుగుతావు. చూశాను బావా. బల్లమీద పెట్టి, ఈ కిటికీ వెలుగులోనే, తల వంచి మరీ చూశాను. గుంటలే కనబడ్డాయి. నీ ఉత్తరం వచ్చాక ఇంకో అచ్చు తీసి అదేచోట పెట్టాను. మళ్ళీ గుంటలే. కిటికీ తలుపు మూసి దానికి ఎదురు పక్కనుంచి దీపం పెట్టాను. చూస్తుండగానే గుంటలన్నీ ఒక్కసారి బయటికి ఉబికాయి. వెలుగు ఎటునుంచి వస్తోందో కన్ను తనకి తోచినట్టు అనుకుంటుంది, దాన్నిబట్టి లోతూ ఎత్తూ తేల్చేస్తుంది. నా కన్ను, అక్క కన్ను, రెండూ మోసపోయాయి. నీ వేలు మోసపోలేదు.

అందుకని నీ చివరి మాటతో నాకు పేచీ ఉంది. చూడలేనివాడు గీయలేడన్నావు. గీయమని ఎవడడిగాడు? ఈ పార్శిల్‌లో రెండున్నాయి. ఒకటి సరైన మూడు గాజుల పలక. పెట్టెలో పెట్టేముందు కళ్ళు మూసుకుని మూడుసార్లు తడిమాను. రెండోది మైనం పలక. పళ్ళ మైనమే, గులాబీ రంగు, నీకు రంగుతో పని లేదు. వేడినీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుంటే వెన్నలా వంగుతుంది, చల్లారితే రాయి. దానిమీద పిట్టగోడ చదరం చెయ్యి. అక్క నోటుపుస్తకాలు చదువుతుంది. నువ్వు ఆ చదరాన్ని ముప్ఫై ఏళ్ళలో ఎన్నిసార్లు చూశావో లెక్క నీ దగ్గరే ఉంది. నేను దాన్ని చూసింది నాలుగైదుసార్లు. అది నీ వంతు గనక ముట్టుకోలేదు. ఇప్పుడు నేను చేస్తే అది కట్టుడు పన్నవుతుంది. నోట్లో నిలబడుతుంది గానీ నీది కాదు.

చెయ్యనంటే మైనం వెనక్కి పంపు. గోడమీద ఆ ఖాళీ అలాగే ఉంచుతాను. ఊడిన పన్నేనని చెప్తాను అందరికీ.

నీ బావమరిది

*

ముందు గది, భోజనాల బల్ల
రెండు నెలల తర్వాత, పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు

బావమరిదికి,

ఆలస్యమైంది. మైనం మూడుసార్లు చేసి మూడుసార్లు కరిగించాను. భోజనాల బల్ల నాదైపోయింది. మీ అక్క నిలబడే తింటోంది.

(కూర్చునే తింటున్నాను, స్టూలు మీద. కంచంలో రెండుసార్లు మైనం ముక్కలొచ్చాయి. — అక్క)

పద్ధతి చెప్తాను. ఆవిడ చదువుతుంది, నేను చేస్తాను. పదిహేడు నోటుపుస్తకాల్లో ఆ చదరం అరవై రెండుసార్లు ఉంది. పిట్టగోడ పక్కనున్న గింజంత గుంట, దాని అంచుమీద ఇంకా చిన్నది, అటు పక్క చదునైన నేల, అన్నీ రెండో రోజుకే వేళ్ళలోకి వచ్చేశాయి. నాకు చూసినట్టే అనిపించింది. అది చెప్పాలనే ముందు ఇది రాయిస్తున్నాను. పొద్దున్నే లేవగానే బల్ల దగ్గరికి రావాలనిపించడం ఏడాది తర్వాత ఇదే. అందుకు నీకు ఎర్ర సిరా లేకుండా ఒక ముక్క: చాలా మేలు చేశావోయ్.

ఇక గోడ. మొదట నిట్టనిలువుగా కట్టాను, పేరే పిట్టగోడ గనక. మీ అక్క నీడల గురించి రాసినవి చదువుతోంది. అమావాస్య వెళ్ళిన ఎనిమిదో రోజున "దారమంత నల్లగీత". తొమ్మిదో రోజున "సన్నబడింది". పదో రోజున "లేదు". నేను ఆగమన్నాను.

"పదో రోజున లేదా? సరిగ్గా చూడు."

"లేదు అనే రాశారు. మీ దస్తూరీయే. ఇంకో పుస్తకంలోనూ అంతే. ఇంకోదాంట్లోనూ."

"నిలువు గోడకి సూర్యుడు నెత్తిమీదికొచ్చేదాకా కొంచెమయినా నీడ ఉండాలి కదా. మన మేడ మీద పిట్టగోడ నీడ ఎప్పుడు పోతుంది?"

"మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఆ నీడ వల్లే కదా నా బట్టలు ఆరనిది."

"మరి ఇది పదో రోజుకే, సూర్యుడు ఇంకా కిందనుండగానే పోతోంది."

"అయితే అది గోడ కాదు" అంది మీ అక్క. "వాలు."

ఆవిడే అంది. ఒప్పుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళు నేను రాసుకుంటూనే ఉన్నాను, అరవై రెండుసార్లు. ఒక్కసారి అనుమానం రాలేదు. దుర్భిణిలో కత్తితో కోసినట్టుండేది. కళ్ళతో చూస్తున్నంతకాలం అది గోడే. చేత్తో కట్టాల్సి వచ్చినప్పుడు నిలబడలేదు. ఇప్పుడు దాన్ని వాలుగా చేశాను. పిల్లలు జారుడుబండగా కూడా ఎక్కువ సరదాపడనంత వాలు. నువ్వు చూస్తే అక్కడేమీ లేదనుకుంటావు. తడుము.

తప్పయితే దిద్ది పంపు. ఎర్ర సిరా వాడు. నాకు రంగు కనబడదు గానీ మీ అక్క చెప్తుంది.

బావ

*

వెనక గది, కిటికీ పక్క బల్ల
అమావాస్య వెళ్ళిన పదో రోజు

బావకి,

మైనం చెక్కుచెదరకుండా వచ్చింది. పోస్టు మనిషి "ఇందులో ఏముందండీ, ఇంత మెత్తగా పట్టుకోమని రాశారు" అని అడిగాడు. చంద్రుడి ముక్క అన్నాను. నా ముఖం చూసి, సంతకం పెట్టించుకుని, త్వరగా వెళ్ళిపోయాడు.

నువ్వు దిద్దమన్నావు గనక పరీక్ష పెట్టాను. కిటికీ తలుపులు మూసి, మైనాన్ని బల్లమీద ఉంచి, దీపాన్ని బల్లకి ఆనించి పక్కనుంచి వెలిగించాను. నీ వాలు కింద దారమంత నల్లగీత పడింది, కత్తితో కోసినట్టు. కళ్ళతో చూస్తే అది గోడే, ప్రమాణం చేస్తాను. దీపాన్ని నాలుగు పుస్తకాల మీదికి ఎత్తాను. సన్నబడింది. ఇంకో నాలుగు పెట్టాను. పోయింది. తర్వాత నేనొక మైనం ముక్కని నిలువుగా నిలబెట్టి అదే పని చేశాను. ఇంట్లో పుస్తకాలన్నీ అయిపోయాయి గానీ నీడ పోలేదు.

తనివి తీరక గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడున్నావిడ నన్ను చూడగానే చంద్రుడి అర వైపు చెయ్యి చూపిస్తుంది, అడగనక్కర్లేదు. లావుపాటి పుస్తకంలో దొరికింది. అది గోడ కాదట, వాలేనట. పండితులు మనకంటే చాలా ముందే తేల్చేశారు. వాళ్ళకి లెక్కలూ పెద్ద పెద్ద దుర్భిణులూ కావలసి వచ్చాయి. నీకు పళ్ళ మైనమూ మా అక్కా సరిపోయారు. మనమే కనిపెట్టి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత ఆ పుస్తకం మూసి, దారిలో ఒక కప్పు కాఫీ తాగి, ఎంతో హాయిగా ఇంటికొచ్చాను. పేరు మాత్రం మార్చొద్దు. పిట్టగోడ పిట్టగోడే.

ఎర్ర సిరా సీసా కొన్నాను. నీ ఉత్తరం ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదివాను. దిద్దడానికేమీ లేదు. అడుగున ఒకటే ముక్క రాసి ఇందులో పెట్టి తిప్పి పంపుతున్నాను. అక్కా, అది చదివి వినిపించు: "ఈ వాలు నేను చెయ్యలేను."

నిజంగానే చెయ్యలేను బావా. నాకు చూపుంది. నేనైతే గోడ కట్టేవాణ్ణి, జనం మెచ్చుకునేవాళ్ళు.

నీ అద్దం బడివాళ్ళకి ఇచ్చెయ్యాలనుంటే ఇచ్చెయ్. కానీ పుచ్చుకునేవాళ్ళకి నాకు పెట్టిన షరతే పెట్టు. వారానికొక ఉత్తరం, చూసింది చూసినట్టు. అక్క చదువుతుంది. ఎర్ర సిరా సీసా మొత్తం నాకొక్కడికి ఎందుకు, దాన్నీ పంపుతాను.

అచ్చు తీశాను. పలకలు పోశాను. ఏది అచ్చో ఏది పలకో కళ్ళు మూసుకుని తేల్చుకున్నాను. నీ వంతు ఇరవై నాలుగూ సిద్ధం. పార్శిల్ చెయ్యను, దారిలో విరుగుతాయి. మీరిద్దరూ వచ్చి తీసుకెళ్ళండి. స్టేషనుకి నేనొస్తాను. రైలు ఎప్పుడో అక్కని రాయమను. రాకముందే చెప్తున్నాను, పళ్ళు చూస్తానని నోట్లో వేళ్ళు పెట్టను, ఆ అలవాటు మానేశాను.

ఇప్పుడే గోడ పని అయింది. పలకలు నా కళ్ళ ఎత్తున ఉండేవి. ఇరవైమూడింటినీ దించి, మేకులు పీకి, రెండడుగులు కిందికి, నడుం ఎత్తున, చెయ్యి ఆనేచోట మళ్ళీ కొట్టాను. ఇరవై నాలుగో దాన్ని దాని చోట తగిలించాను. పైన ఇరవైమూడు కన్నాలు మిగిలాయి. బల్లమీద ప్లాస్టర్ ఉంది. వాటిని పూడ్చలేదు.

నీ బావమరిది